అచ్చుగుద్దినట్టు ఉండని అచ్చులు: రవివర్మ ముద్రాచిత్రాలు, దీన్ దయాళ్ ఛాయాచిత్రాలు – ప్రక్రియాపరమైన పరిశీలన

వ్యాససంగ్రహం:
పాత ముద్రాచిత్రాల గురించీ ఛాయాచిత్రాల గురించీ తెలుగులో వస్తున్న పరిశోధన ప్రధానంగా బొమ్మలోని విషయాన్ని చర్చిస్తుంది. ఆ బొమ్మ కాగితం మీదికి ఎలా వచ్చిందో అరుదుగా అడుగుతుంది. రవివర్మ ముద్రణాలయం వెలువరించిన శిలాముద్రలనూ, సికింద్రాబాదు కేంద్రంగా పనిచేసిన లాలా దీన్ దయాళ్ ఛాయాచిత్రాలనూ ఆధారంగా తీసుకుని, ప్రక్రియను గుర్తించకుండా చేసే కాలనిర్ణయమూ కర్తృత్వ నిర్ణయమూ గుణదోష విచారణా ఎందుకు నిలవవో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: శిలాముద్రణ, ఓలియోగ్రాఫు, రవివర్మ, హాఫ్‌టోన్, ఆల్బుమిన్ ముద్ర, దీన్ దయాళ్, చిత్రసేకరణ.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘అచ్చు’ అనే మాట సాధనానికీ చెల్లుతుంది, ఫలితానికీ చెల్లుతుంది. పెడనలో అద్దకం పనివారి చేతిలో ఉండే చెక్కిన టేకు దిమ్మె అచ్చు. ముద్రణాలయంలోని సీసపు అక్షరం అచ్చు. పుస్తకం వెలువడితే అచ్చయింది అంటాం. బిడ్డ తండ్రి పోలికలతో పుడితే ‘అచ్చుగుద్దినట్టు ఉన్నాడు’ అంటాం. ఒకే సాధనం నుంచి వచ్చినవన్నీ ఒకేలా ఉంటాయన్న నమ్మకం ఈ జాతీయంలో ఇమిడి ఉంది. అద్దకం చేసే మనిషికి మాత్రం ఆ నమ్మకం ఉండదు. దిమ్మె ఎప్పుడు కొత్తదో, ఎప్పుడు అంచులు అరిగాయో, రంగు ఎప్పుడు చిక్కబడిందో, ఏ వరుసలో చెయ్యి నూలుపోగంత పక్కకు జరిగిందో అతనికి బట్ట చూడగానే తెలుస్తుంది.

ముద్రాచిత్రాల చరిత్రకారుడు విలియం ఐవిన్స్ 1953లో వెలువరించిన గ్రంథంలో, ముద్రాచిత్రాల గొప్పతనం ఒకే దృశ్యప్రకటనను యథాతథంగా మళ్లీ మళ్లీ ఇవ్వగలగడంలో ఉందని వాదించాడు. మన జాతీయం చెప్పేదీ దాదాపు అదే. విజ్ఞానవ్యాప్తి చరిత్రకు ఆ వాదం చాలా ఉపకరించింది. అయితే ఒక నిర్దిష్టమైన కాగితాన్ని చేతిలోకి తీసుకుని ఇది ఏమిటి, ఎప్పటిది, ఎవరిది అని అడిగే సేకర్తకు అది చాలదు. అతను అద్దకం పనివాని పక్షాన నిలబడాలి.

రెండో చిక్కు ‘పటం’ అనే మాటతో వస్తుంది. నూనెరంగుల చిత్రం, రాతి మీద నుంచి తీసిన ముద్ర, శివకాశి కేలెండరు, స్టూడియో ఫోటో – చట్రంలో బిగించి మేకుకు తగిలిస్తే అన్నీ పటాలే. ఇంటి వాడుకలో ఇది దోషం కాదు. దండం పెట్టుకునే వారికి ప్రక్రియతో పని లేదు. కానీ పరిశోధన వ్యాసంలోకి కూడా ఆ మాట అదే వెసులుబాటుతో రావడం వల్ల నష్టం జరుగుతోంది.

ఈ నష్టంలో నాకూ వాటా ఉంది. కొన్నేళ్ల క్రితం నేను పరీక్షకుడిగా చూసిన ఒక సిద్ధాంత గ్రంథంలో, తీరాంధ్ర గ్రామంలోని ఒక ఇంట దొరికిన లక్ష్మీదేవి పటం ఆధారంగా 1890ల చివరికే రవివర్మ ముద్రలు ఆ పల్లెకు చేరాయని నిరూపించే ప్రయత్నం జరిగింది. పటం ఛాయాచిత్రం అనుబంధంలో ఉంది. వాదన పొందికగా ఉంది, నేను ఆమోదించాను. చాలాకాలం తర్వాత ఆ పటాన్ని స్వయంగా చూసే అవకాశం కలిగింది. పదిరెట్లు పెంచి చూపే భూతద్దం ఆనించగానే దేవి చెక్కిలి మీద నాలుగు రంగుల చుక్కలు క్రమమైన వరుసల్లో, చిన్న చిన్న పువ్వుల్లా గుమిగూడి కనిపించాయి. అది ఆఫ్‌సెట్ ముద్రణ. గత శతాబ్దపు నడిమి దశాబ్దాలకు ముందుది కాదు. పరిశోధకుడు చూపిన తేదీ రవివర్మ ఆ చిత్రం గీసిన కాలానిది, గోడ మీది కాగితానిది కాదు. ఒక అధ్యాయమంతా ఆ అరశతాబ్దపు తేడా మీద నిలబడి ఉంది. భూతద్దం ఖరీదు అప్పటికీ ఇప్పటికీ కొన్ని వందల రూపాయలే.

2. రాతి నుంచి కాగితానికి

రవివర్మ (1848–1906) 1894లో బొంబాయిలో ముద్రణాలయం స్థాపించాడు. అంతకు పదేళ్ల ముందే, ఎంత గీసినా అడిగేవారందరికీ చిత్రాలు అందించలేరు గనుక కొన్నింటిని ఐరోపాకు పంపి ఓలియోగ్రాఫులు చేయించమని దివాన్ టి. మాధవరావు ఆయనకు సూచించిన సంగతి ప్రసిద్ధం. శకుంతల జననం అక్కడి తొలి ముద్రగా చెబుతారు. ఈ రంగంలో ఆయనే మొదటివాడు కాడు. పుణేలో చిత్రశాలా ముద్రణాలయం, కలకత్తాలో కలకత్తా ఆర్ట్ స్టూడియో 1878 నాటికే పని మొదలుపెట్టాయి. రవివర్మ తెచ్చిన కొత్తదనం, నూనెరంగుల చిత్రపు వెలుగునీడలను రాయి చేత పలికించాలన్న పట్టుదలలో ఉంది. 1899లో యంత్రాలు లోనావాలా దగ్గరి మలవలికి తరలాయి. కొన్నేళ్లకే సంస్థ అక్కడ పనిచేస్తున్న జర్మన్ ముద్రణ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైకర్ చేతికి వెళ్లింది. దాదాసాహెబ్ ఫాల్కే సినిమాకు ముందు కొంతకాలం పనిచేసింది ఈ ముద్రణాలయానికే. 1972లో అగ్నిప్రమాదం దాన్ని దహించింది.

శిలాముద్రణను పద్దెనిమిదో శతాబ్దపు చివర్లో బవేరియాలో అలోయిస్ సెనెఫెల్డర్ కనిపెట్టాడు. నూనె, నీరు కలవవన్న ఒక్క సత్యమే దానికి పునాది. నునుపు చేసిన సున్నపురాయి మీద జిడ్డు ఉన్న బలపంతోనో సిరాతోనో బొమ్మ గీస్తారు. కొద్దిగా ఆమ్లం కలిపిన జిగురు పూసి, గీతలేని చోటును నీరు పట్టుకునేలా చేస్తారు. తడిపిన రాయి మీద జిడ్డు సిరా రూలరు నడిపితే గీత ఉన్నచోటే సిరా అంటుతుంది. రాయిలో గుంటా లేదు, ఉబ్బూ లేదు. అందుకే చెక్కదిమ్మె ముద్రలో కనిపించే అంచుల ఒత్తిడి గానీ, రాగిరేకు ముద్రలో కాగితం మీద పడే పలక అంచు గుర్తు గానీ శిలాముద్రలో ఉండవు.

రంగుల ముద్రకు రంగుకు ఒక రాయి కావాలి. మచిలీపట్నం అద్దకంలో గీతకు ఒక దిమ్మె, ఒక్కొక్క రంగు నింపడానికి ఒక్కొక్క దిమ్మె ఉన్నట్టే ఇదీ. అయితే అద్దకంలో నాలుగైదు దిమ్మెలతో పని తీరితే, మంచి శిలాముద్రకు డజను రాళ్లు దాటడం మామూలే. ముందుగా మూలచిత్రపు రూపరేఖలను ప్రతి రాయి మీదికీ ఎక్కిస్తారు. ఆ తర్వాత రాతిచిత్రకారుడు, మూలచిత్రాన్ని ఎదురుగా పెట్టుకుని, ఈ చెక్కిలిలో గులాబీ ఎంత, పసుపు ఎంత, బూడిదరంగు ఎంత అని మనసులోనే విడదీసి, ఒక్కొక్క రాయి మీద తన వంతు చుక్కలు చేత్తో పెడతాడు. అదీ కుడిఎడమలు తారుమారుగా. ఇందులో కెమెరా చేసే వర్ణవిభజన లేదు. ఒక మనిషి కన్ను చేసిన వర్ణవిభజన ఉంది. రాతి మీద చుక్కలు పెట్టిన ఆ మనిషి పేరు సాధారణంగా ముద్ర మీద ఉండదు.

‘ఓలియోగ్రాఫు’ వ్యాపారపు మాట. ఇలా తీసిన రంగుల శిలాముద్రకు పైన వార్నిష్ పూసి, కొన్నిసార్లు కాన్వాసు నేతలాంటి గరుకును ఒత్తి, నూనెచిత్రపు భ్రమ కలిగిస్తే ఆ పేరు వచ్చేది. వార్నిష్ లేని రవివర్మ ముద్రలు కూడా విరివిగా ఉన్నాయి. వాటినీ ఓలియోగ్రాఫులనే అనడం అలవాటైపోయింది. జాబితా రాసేవారు ‘రంగుల శిలాముద్ర, వార్నిష్ ఉంది’ లేదా ‘లేదు’ అని రాస్తే చదివేవారికి ఎక్కువ తెలుస్తుంది.

3. లక్ష్మీపటం ముందు

రవివర్మ లక్ష్మిని చూడని తెలుగిల్లు అరుదు. నీటి మధ్య విరిసిన తామర మీద నిలబడిన నాలుగు చేతుల దేవి, పక్కన దండ పట్టుకున్న ఏనుగు. ఈ బొమ్మ ఎన్ని ప్రక్రియలలో, ఎన్ని తరాలలో, ఎందరి చేతుల్లో ముద్రితమైందో లెక్క కట్టడం అసాధ్యం. ఒక నిర్దిష్టమైన ప్రతి ఎదురుగా ఉన్నప్పుడు ఏమేమి చూడాలన్నది మాత్రం సాధ్యమైన ప్రశ్న.

మొదట దేవి ముఖం. శిలాముద్రలో చుక్కలు సమానంగా ఉండవు. నీడ చిక్కబడే కొద్దీ దగ్గరవుతాయి, వెలుగువైపు చెదిరిపోతాయి, ముక్కు వంపు వెంట తిరుగుతాయి. చుక్కల వెనుక ఒక చెయ్యి కదిలిన దారి కనిపిస్తుంది. హాఫ్‌టోన్‌లో చుక్కల మధ్య దూరం మారదు, పరిమాణం మాత్రమే మారుతుంది, వరుసలు గళ్లనోటుబుక్కులా నడుస్తాయి. ఈ ఒక్క పరీక్ష చాలా సందేహాలను తీరుస్తుంది. అయితే ఒక హెచ్చరిక అవసరం. పాత శిలాముద్రను ఫోటో తీసి ఆఫ్‌సెట్‌లో ముద్రిస్తే, చేతిచుక్కలూ కనిపిస్తాయి, వాటి మీద యంత్రపు గళ్లూ కనిపిస్తాయి. మొదటివి చూసి సంతోషపడి ఆగిపోయినవారు చాలామందే ఉంటారు.

తర్వాత తామరరేకుల అంచులు, చేతుల చుట్టూ ఆకాశం. ఒక రాయి ముద్ర మరొక రాయి ముద్ర మీద సరిగ్గా కూర్చోకపోతే అక్కడ గులాబీ లేదా నీలి రంగు సన్నటి వెంట్రుకలా బయటికి కనిపిస్తుంది. ఇది దోషమే, కానీ సాక్ష్యం కూడా. ఒక ప్రతిలో ఎడమకు, మరొక ప్రతిలో పైకి జరిగిన రంగు, రెండూ వేర్వేరు ముద్రణలని చెబుతుంది. రాతి మీది బొమ్మను ప్రత్యేక కాగితం ద్వారా మరొక రాతి మీదికి ఎక్కించి మళ్లీ ముద్రించే పద్ధతి ఉండేది. అలా వచ్చిన ప్రతుల్లో చుక్కలు కాస్త ఉబ్బి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, దేవి పెదవుల దగ్గర మొరటుదనం కనిపిస్తుంది. అవసరం తీరిన రాయిని అరగదీసి కొత్త బొమ్మ గీసేవారు. అంటే ‘మూల అచ్చు’ అని మనం వెతికేది చాలా సందర్భాలలో మరో బొమ్మ కింద చెరిగిపోయి ఉంటుంది.

అంచుల కింద ముద్రణాలయపు పేరు వస్తుంది. తొలి ముద్రలు బొంబాయి పేరుతోనూ, తరలింపు తర్వాతివి కార్లా–లోనావాలా పేరుతోనూ కనిపిస్తాయి. కాబట్టి ఆ ఒక్క పంక్తి 1899కి ఇటా అటా అన్నది తేల్చగలదు. దురదృష్టవశాత్తూ మన దగ్గర పటం కట్టేవారు చట్రానికి సరిపోయేలా కాగితం అంచులు కత్తిరించడం రివాజు. దేవి పాదాల కింది తెల్లకాగితంతో పాటు చరిత్ర కూడా దుకాణం నేల మీద రాలిపోయింది.

బొమ్మలోని రవివర్మ సంతకం దేనికీ హామీ కాదు. అదీ రాతి మీద తిరగేసి గీసిన గీతల్లో భాగమే. అసలు ఆ ముద్రణాలయం పేరు ఉన్నంత మాత్రాన బొమ్మ ఆయనదని కూడా అనలేం. ఎం. వి. ధురంధర్ వంటి ఇతర చిత్రకారుల రూపకల్పనలూ అక్కడ ముద్రితమయ్యాయి. ‘రవివర్మ చిత్రం’, ‘రవివర్మ చిత్రానికి ముద్ర’, ‘రవివర్మ ముద్రణాలయపు ముద్ర’, ‘రవివర్మ ముద్రకు అనుకరణ’ – ఈ నాలుగూ వేర్వేరు వస్తువులు. మన వ్యాసాలలో నాలుగింటికీ ‘రవివర్మ’ అన్న ఒక్క మాట సరిపోతోంది.

4. విమర్శకుడు చూసినవి ఎవరి రంగులు?

ప్రక్రియ ప్రశ్న కేవలం కాలనిర్ణయానికి సంబంధించినదైతే దాన్ని జాబితాకర్తలకు వదిలేయవచ్చు. అది విలువ నిర్ణయంలోకి కూడా చొరబడుతుంది.

రవివర్మను నిరాకరించిన వాదన మనకు పరిచితమే. ఆనంద కుమారస్వామి, ఇ. బి. హావెల్ మొదలుకొని ఆయన దేవతలలో నాటకీయత ఉంది, పాశ్చాత్యపు అరువు ఉంది, ఆధ్యాత్మికత లేదు అన్నవారున్నారు. తెలుగులో ఈ వాదనను తిరగరాసేవారు దానికి తరచుగా మరో అభియోగం చేరుస్తారు: రంగులు ఆడంబరంగా, సంతలో బొమ్మల్లా ఉంటాయని. ఇక్కడ ఆగి అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ రంగులు ఎవరివి? తిరువనంతపురంలోనో వడోదరలోనో మైసూరులోనో నూనెచిత్రాల ముందు నిలబడి ఆ మాట అన్నవారెందరు, ముద్రలు చూసి అన్నవారెందరు?

నూనెచిత్రంలో చర్మపు రంగు పలుచని పొరలు ఒకదాని మీద ఒకటి కూర్చడం వల్ల వస్తుంది, వెలుగు లోపలికి వెళ్లి తిరిగి వస్తుంది. రాతికి ఆ లోతు లేదు. పక్కపక్కన పెట్టిన గులాబీ, పసుపు, బూడిద చుక్కలను కన్ను దూరం నుంచి కలుపుకోవాలి. కనుక రాతిచిత్రకారుడు గులాబీని కాస్త పెంచుతాడు, రూపరేఖను గట్టిపరుస్తాడు, నేపథ్యంలోని మసక చెట్లను స్పష్టమైన ఆకులుగా మారుస్తాడు. గదికి ఆ చివర నుంచి దీపం వెలుగులో చూసేవారికి దేవి కనిపించాలి. ఇవి అతని నిర్ణయాలు, చాలాసార్లు తెలివైన నిర్ణయాలు. నా అభిప్రాయంలో తొలి శకుంతల జననంలో మేనకకు ముఖం తిప్పుకున్న విశ్వామిత్రుని పైకెత్తిన చెయ్యి, గీత గట్టిపడడం వల్లనే దూరానికి కూడా తిరస్కారంగా చదువబడుతుంది. ఇది నష్టం మాత్రమే అనలేం.

దీని పైన కాలం చేసిన పని ఉంది. ఎరుపు, గులాబీ రంగుద్రవ్యాలలో కొన్ని వెలుగుకు త్వరగా వెలిసిపోతాయి, నీలం నిలుస్తుంది. వార్నిష్ పసుపెక్కి, నీలాకాశాన్ని పచ్చబరుస్తుంది. కట్టెగుజ్జు కాగితం తనలోని ఆమ్లంతో తానే గోధుమరంగుకు తిరుగుతుంది. ఒకే ముద్రణలోని రెండు ప్రతులు, ఒకటి పూజగదిలో హారతి పొగ కింద, మరొకటి పెట్టె అడుగున, నూరేళ్లకు రెండు వేర్వేరు వర్ణచిత్రాలవుతాయి. వీటిలో దేన్ని పట్టుకుని మనం రవివర్మ వర్ణసంయోజనాన్ని అంచనా వేస్తున్నాం?

ఇదే మాట మన ఆంధ్ర చిత్రకళ విషయంలోనూ చెప్పాలి. దామెర్ల రామారావు (1897–1925) తరం చిత్రకారుల పనిని చాలామంది పాఠకులు పత్రికల త్రివర్ణ చిత్రాలలోనే ఎరిగారు. త్రివర్ణం అంటే మూడు రంగుపలకల హాఫ్‌టోన్. నీటిరంగు వాష్‌లోని పొగమంచు లాంటి అంచును ఆ చుక్కలజాలి పట్టలేదు. పలకలు ఒకదాని మీద ఒకటి సరిగా పడని సంచికలో ఆకుపచ్చ చీర గోధుమరంగుగా మారుతుంది. పాత సంచిక ఆధారంగా వర్ణవివేచన చేసే వ్యాసకర్త కనీసం తాను పత్రిక ప్రతిని చూశానని చెప్పాలి.

యాంత్రిక పునరుత్పత్తి వల్ల కళాఖండపు ప్రభ నశిస్తుందన్న వాల్టర్ బెంజమిన్ వాదనను మన సిద్ధాంత గ్రంథాలు తరచుగా ఉటంకిస్తాయి. దానికి జవాబుగా క్రిస్టఫర్ పిన్నీ వంటివారిని ఆశ్రయించి, భారతీయ పూజాగృహంలో ముద్రకే కొత్త ప్రభ వచ్చిందని చెబుతాయి. రెండు వాదనలకూ ఆధారముంది. కానీ మన గ్రంథాలలో జరిగే ఈ చర్చలో ముద్రలన్నీ ఒకటేనన్న ఊహ రెండు పక్షాలా చెక్కుచెదరకుండా ఉండిపోతుంది. ఒక మనిషి చేతిచుక్కలతో రాతి మీద పుట్టినదీ, కెమెరా జాలి గుండా వచ్చినదీ ఒకే ‘పునరుత్పత్తి’ ఎలా అవుతాయో నాకు బోధపడదు.

5. జరీ, చమ్కీల సంగతి

కొన్న ముద్రకు ఇంటి ఆడవారు జరీ, చమ్కీలు, పట్టుగుడ్డ ముక్కలు కుట్టో అంటించో అలంకరించిన పటాలు దేశమంతటా దొరుకుతాయి. వీటికి ఇప్పుడు మార్కెట్లో గిరాకీ ఎక్కువ. గిరాకీ ఉన్నచోట తయారీ కూడా ఉంటుంది: కొత్త డిజిటల్ ముద్ర, పాత చట్రం, కొత్త జరీ. చూడవలసింది జరీని కాదు, జరీ అంచును. దశాబ్దాల పాటు కప్పి ఉన్నచోట రంగు వెలియదు. గుడ్డ కాస్త లేచిన చోట కింద ముదురు గులాబీ, పక్కన వెలిసిన గులాబీ ఉంటే అలంకారం పాతదే. రెండూ ఒకేలా ఉంటే అనుమానించాలి. గళ్లచుక్కల మీద అంటించిన జరీ గురించి వేరే చెప్పక్కరలేదు. అలంకరించిన ముద్రను ‘చెడిపోయిన ప్రతి’గా తీసివేసే జాబితాలు కూడా ఉన్నాయి. అది తప్పు. ఒకే రాయి నుంచి వచ్చిన వెయ్యింటిలో ఆ ఒక్కటి మాత్రమే మరొకదానిలా లేదు.

6. ఛాయాచిత్రం: నెగటివ్ కాలం, కాగితం కాలం

ఛాయాచిత్రం దగ్గర అచ్చుగుద్దినట్టు అన్న నమ్మకం ఇంకా బలంగా ఉంటుంది. చేతిపని లేదు కదా, వెలుగే గీస్తుంది కదా అనుకుంటాం. హైదరాబాదు చరిత్ర రాసే ప్రతివారూ ఆశ్రయించే లాలా దీన్ దయాళ్ ఛాయాచిత్రాలు ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి తగినవి.

1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టిన దీన్ దయాళ్ రూర్కీలోని థామసన్ కళాశాలలో చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖ ఉద్యోగంలో ఉండగా కెమెరా పట్టాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆదరణతో హైదరాబాదు ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికింద్రాబాదులో స్టూడియో నడిపి, రాజా బిరుదు పొందాడు. 1905లో మరణించాడు. ఆయన గాజు నెగటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. అంటే మాతృక భద్రంగా ఉంది. రవివర్మ రాళ్లకు లేని అదృష్టమిది. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. గాజు పలక బతికి ఉన్నంతకాలం దాని నుంచి ఏ దశాబ్దంలోనైనా ముద్ర తీయవచ్చు.

ఆనాటి ప్రధానమైన ముద్రణ కాగితం ఆల్బుమిన్. 1850లో ఫ్రాన్సులో బ్లాంకార్ ఎవ్రార్ ప్రకటించిన ఈ పద్ధతిలో పలుచని కాగితాన్ని ఉప్పు కలిపిన గుడ్డు తెల్లసొన మీద తేలించి ఆరబెడతారు. తర్వాత సిల్వర్ నైట్రేటు ద్రావణం మీద తేలిస్తారు. దాన్ని నెగటివ్‌కు ఆనించి ఎండలో ఉంచితే బొమ్మ కళ్లెదుటే నల్లబడుతూ వస్తుంది. బంగారు లవణంతో రంగు సరిచేసి, స్థిరపరచి, కడుగుతారు. మన అద్దకంలో పటిక అచ్చు వేసినప్పుడు కనిపించని ఎరుపు కాగులో మరిగాక తేలడం చూసినవారికి, రసాయనం చేత బొమ్మ తేల్చే ఈ పని మరీ పరాయిగా తోచదు.

ఈ వివరాలే గుర్తింపుకు తాళంచెవులు. నెగటివ్‌ను కాగితానికి ఆనించి తీసేది గనుక ముద్ర పరిమాణం గాజు పలక పరిమాణాన్ని మించదు. పలక కంటే పెద్దగా ఉన్న ముద్ర, అది ఎంత గోధుమరంగులో ఉన్నా, తర్వాతి కాలంలో పెద్దది చేసి తీసినదే. తెల్లసొన పొర పారదర్శకం, దాని కింద మరో పొర లేదు. అందుచేత భూతద్దంలో కాగితపు నారలు కనిపిస్తాయి. పొర మీద సన్నటి బీటలు, తెల్లగా ఉండవలసిన చోట్ల పసుపు, వెలిసిన అంచులు సహజం. పలుచని కాగితం చుట్టుకుపోతుంది కనుక దాదాపు ఎప్పుడూ అట్టకు అంటించి ఉంటుంది. 1880ల తర్వాత వ్యాపించిన జెలటిన్ కాగితాలలో నారల మీద బేరియం సల్ఫేటు తెల్లపొర ఉంటుంది, నారలు కనిపించవు. రసాయనంలో ముంచి బొమ్మ తేల్చే తర్వాతి కాగితాలలో నలుపు చల్లగా ఉంటుంది, నీడలున్న అంచుల్లో వెండి అద్దంలా మెరుపు తేలుతుంది. ఇక పుస్తకాలలో, ఆల్బమ్‌లలో ఫోటోలుగా చలామణి అయ్యేవి కొన్ని అసలు ఫోటోలే కావు. కాలోటైపు అనే సిరా ముద్ర మామూలు కంటికి ఛాయాచిత్రమే, ముప్పైరెట్లు పెంచి చూస్తేనే జెలటిన్ ముడతల మెలికలు కనిపిస్తాయి. దీనికి కాలోటైప్ అని దాదాపు అదే పేరుతో పిలిచే, టాల్బట్ కనిపెట్టిన కాగితపు నెగటివ్ పద్ధతికీ సంబంధం లేదు. తెలుగు లిపిలో రెండు పేర్లూ ఒక్కటైపోతాయి కనుక మొదటిదాన్ని జెలటిన్ సిరాముద్ర అనడం మేలని నా సూచన.

దీన్ దయాళ్ నెగటివ్‌ల మీద సంఖ్య, శీర్షిక, పేరు రాసి ఉండడం పరిశోధకులకు వరం. ముద్రలో అవి తెల్లటి అక్షరాలుగా వస్తాయి. కానీ ఆ అక్షరాలు నెగటివ్ నాటివి, ముద్ర నాటివి కావు. వాటిని చూసి ముద్రకు కాలం నిర్ణయించడం, రాతి మీది సంతకం చూసి రవివర్మ చేతిని గుర్తించడం లాంటిదే. పైగా స్టూడియోలో ఇతర ఛాయాగ్రాహకులూ ముద్రణ పనివారూ ఉండేవారు, కుమారులు వృత్తిని కొనసాగించారు. పేరు ఒక సంస్థకు గుర్తు.

దీనివల్ల మన చరిత్ర రచనకు కలిగే తేడా ఏమిటి? నేటి పుస్తకాలలో నిజాం కాలపు మహళ్లు గాఢమైన నలుపుతెలుపులలో, పదునైన నీడలతో కనిపిస్తాయి. ఆ గాంభీర్యం మీద వ్యాఖ్యానాలు కూడా వచ్చాయి. ఆనాటి ఆస్థాన అతిథి చేతిలోని ఆల్బమ్‌లో అవే మహళ్లు ఊదా ఛాయ ఉన్న వెచ్చని గోధుమరంగులో, నీడలోపల కూడా వివరం కనిపించే మెత్తదనంతో ఉండేవి. ఆ గాఢమైన నలుపు ఆధునిక కాగితానిదీ కంప్యూటరుదీ. నిజాం వైభవపు ‘దృశ్యభాష’ గురించి రాయాలంటే ముందు ఎవరు చూసిన దృశ్యమో తేల్చుకోవాలి.

7. సేకర్త బల్ల మీద

విమర్శకుడికీ సేకర్తకీ మధ్య మన విశ్వవిద్యాలయాలలో ఒక చిన్నచూపు ఉంది. సేకర్త వస్తువును ప్రేమిస్తాడు, మనం అర్థాన్ని చదువుతాం అన్న ధోరణి అది. కానీ బ్యాంబర్ గాస్కోయిన్ ముద్రాచిత్రాల గుర్తింపు మీద రాసిన పుస్తకమూ, జేమ్స్ రైలీ పందొమ్మిదో శతాబ్దపు ఛాయాచిత్రాల గుర్తింపు, సంరక్షణల మీద రాసిన పుస్తకమూ 1986 నుంచి సేకర్తల బల్లల మీద ఉన్నాయి. తెలుగు లేదా చరిత్ర శాఖల పరిశోధన పద్ధతుల పాఠ్యప్రణాళికలో వాటికి సమానమైన ఒక అధ్యాయం నా ఎరుకలో లేదు. తాళపత్రంతో పనిచేసే విద్యార్థికి లేఖకుడు, ప్రతి, పాఠాంతరం అన్న భావనలు మొదటి నెలలోనే నేర్పుతాం. ముద్రిత చిత్రంతో పనిచేసేవారికి అవే భావనలు అవసరం, పేర్లు మాత్రమే వేరు.

అనుబంధంలో ఒక చిత్రాన్ని చేర్చేటప్పుడు కనీసం ఇంతైనా రాయవచ్చు: ప్రక్రియ, చుక్కల తీరు, కాగితపు కొలతలు, అంచులు కత్తిరించారా లేదా, ముద్రణాలయపు పంక్తి ఉందా, నేను చూసినది వస్తువునా దాని ఫోటోనా. తేదీలు రెండు ఇవ్వాలి, బొమ్మది ఒకటి, కాగితానిది ఒకటి. తెలియనిచోట ఖాళీ వదిలితే తప్పులేదు.

ఈ పని త్వరపడవలసినది కూడా. గాజు పగిలిన దేవుడి పటాన్ని ఇంట్లో ఉంచరు. గుడి దగ్గరి రావిచెట్టు మొదట్లో పెట్టి వస్తారు. రెండు వానలకు కాగితం ముద్దవుతుంది. ఊళ్లు తిరిగి పటాలు కొనే వ్యాపారులకు ఆ చెట్లన్నీ తెలుసు. వారు తీసుకెళ్లిన పటం ఏ ఊరిదో, ఏ ఇంటిదో తర్వాత ఎవరికీ తెలియదు. పాత చట్రం దొరికితే వెంటనే విప్పకూడదు. వెనుక చెక్క మీద పటం కట్టిన దుకాణపు చీటీ ఉండవచ్చు, మేకులు సాగగొట్టినవో యంత్రపువో చూడాలి, కాగితం గాజుకు అంటుకుని ఉంటే లాగకూడదు. కొందరు పనివారు అంచు కత్తిరించకుండా వెనక్కి మడిచేవారు. నేను చూసిన ఒక సరస్వతి ముద్రలో, నెమలి కింద ఏ పేరూ లేదని రాసుకున్న చాలా రోజులకు, చట్రం విప్పించినప్పుడు ఆ మడతలో కార్లా–లోనావాలా పంక్తి పూర్తిగా, రంగు వెలియకుండా ఉంది.